పేగుల్లోని పొరుగువారు, ఎల్లాప్రగడ సుబ్బారావు గారు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మన తెలుగువారికి కొత్తగా చెప్పేదేముంది అనుకోవచ్చు. భీమవరంలో పుట్టారు, అమెరికా వెళ్ళారు, ఎన్నో మందులు ప్రపంచానికి ఇచ్చారు, రావలసిన పేరు రాకుండానే వెళ్ళిపోయారు... ఆయన పుట్టినరోజు జనవరి 12 కాబట్టి సంక్రాంతి సంచికల్లో ఈ కథ తరచూ చదువుతూనే ఉంటాం. మళ్ళీ ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను.

నేను డాక్టర్ని కాను. ఒమన్‌లోని సోహార్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. మన పేగుల్లో ఉండే బాక్టీరియాకూ మనకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాల గురించి కొంతకాలంగా ఆసక్తిగా చదువుతున్నాను. ఏ దారిలో వెళ్ళినా చివరికి సుబ్బారావు గారి దగ్గరికే చేరుతున్నాను! ఫోలిక్ ఆసిడ్ గురించి చదివితే ఆయనే, యాంటీబయాటిక్స్ గురించి చదివితే ఆయనే, మీథోట్రెక్సేట్ గురించి చదివినా ఆయనే. ఇది యాదృచ్ఛికం కాదనిపించింది. ఆయన కుటుంబాన్ని దెబ్బ తీసింది ఒక పేగుల జబ్బు. ఆ జబ్బుకు ఈ రోజు వాడే రెండు మందుల మూలాలూ ఆయన నడిపిన లేబొరేటరీలోనే ఉన్నాయి. ఈ దారం పట్టుకుని ఆయన జీవితాన్ని మరోసారి చూద్దాం.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, అంతంత మాత్రపు సంసారం. చదువు మీద మొదట్లో శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయి, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయలుదేరితే, తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదివారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. రామకృష్ణ మిషన్ వైపు మనసు లాగింది, సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. రోగులకు సేవ చేయడం కూడా ఒక సాధనే కదా అని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

చదువుకు డబ్బు సాయం చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఒకరు. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారితో సుబ్బారావు గారి పెళ్ళి జరిగింది. గాంధీ గారి పిలుపు విని, ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు కోటు వేసుకునే వెళ్ళారు. ఆ ఖద్దరు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి నచ్చలేదు. ఫలితం ఏమిటంటే, పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎమ్‌ఎస్ పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగమూ దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఇంటిమీద పిడుగు పడింది. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు చనిపోయారు. ఇద్దరికీ ఒకటే జబ్బు, ట్రాపికల్ స్ప్రూ. మన ఆయుర్వేద వైద్యులు సంగ్రహణి అనే జబ్బుకు దగ్గరగా ఉంటుంది ఇది. ఆగని విరేచనాలు, నాలుక పూత, రక్తం పలచబడిపోవడం, తిన్నది ఒంటికి పట్టక మనిషి ఎండిపోవడం. తర్వాత ఆయనకూ అదే జబ్బు వచ్చింది! ఇంగ్లీషు వైద్యం చదివిన ఆయనకు ఆ వైద్యంలో మందు దొరకలేదు. ఆయుర్వేద పండితులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

ఆయన బతికారు, సోదరులు పోయారు. ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు 1921లో ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీలు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మామగారు కూడగట్టిన డబ్బు కలిపి ప్రయాణం ఖాయం చేసుకున్నారు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో సీటు ఉంది కానీ స్కాలర్‌షిప్ లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా చేరి, రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. ఒక డాక్టర్ చేసిన పని ఇది! మనలో మాస్టర్స్ చదువుకుంటూ క్యాంటీన్లో గిన్నెలు కడిగినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. మనకు మాత్రం వారం వారం ఇంటికి ఫోన్ చేసుకునే వీలుండేది. ఆయనకు ఉత్తరం వెళ్ళి రావడానికే నెలలు పట్టేది. అలా వచ్చిన కబురే కొడుకు పుట్టాడనీ, ఆ తర్వాత ఆ పసివాడు పోయాడనీ. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు.

డిప్లొమా తీసుకుని హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కీ దగ్గర చేరారు. 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్కీ-సుబ్బారావు పద్ధతిగా అది ఎన్నో దశాబ్దాలు బయోకెమిస్ట్రీ విద్యార్థులకు నిత్యకృత్యమైంది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. కండరం కదలాలన్నా, కణం బతకాలన్నా ఖర్చుపెట్టే చిల్లర నాణెం ఏటీపీ. బాక్టీరియా కూడా ఇదే నాణెంతో బతుకుతుంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు.

అక్కడే ఆయన లివర్ మీద పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు లివర్ తినిపించడమే వైద్యం. లివర్‌లో పనిచేసే ఆ పదార్థం ఏమిటో ఎవరికీ తెలియదు. దాన్ని పట్టుకోవాలన్న పట్టుదలతోనే 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కి మారారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనలకు డైరెక్టర్ అయ్యారు.

బాక్టీరియా చెప్పిన సాక్ష్యం

ఇక్కడ మన దేశపు కథ ఒకటి కలుస్తుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ 1928లో బొంబాయి వచ్చి, గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఈస్ట్‌లో ఉన్నది, లివర్‌లో ఉన్నది, ఆకుకూరల్లో ఉన్నది ఒకటే అయి ఉండవచ్చని క్రమంగా తేలింది. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నులకొద్దీ పాలకూర నుంచి కొద్దిగా తీసి దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు.

మిల్లీగ్రాముల్లో దొరికే పదార్థాన్ని కొలవడం ఎలా? దీనికి బాక్టీరియానే కొలబద్దగా వాడారు. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియాకు ఫోలిక్ ఆసిడ్ తయారు చేసుకోవడం చేతకాదు. ఎవరైనా పెడితేనే పెరుగుతుంది. పరీక్షనాళికలో అది పెరిగితే అందులో ఫోలిక్ ఆసిడ్ ఉన్నట్టు, పెరగకపోతే లేనట్టు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం లివర్ నుంచి ఒక స్ఫటికాన్ని, ఒక బాక్టీరియాను పులియబెట్టి మరో స్ఫటికాన్ని తీసింది. రెండింటి మూలం ఒకటే. లివర్ దాంట్లో ఒక గ్లుటామిక్ ఆసిడ్ ఉంటే బాక్టీరియా దాంట్లో మూడున్నాయి, అంతే తేడా. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. అప్పటినుంచి టన్నుల పాలకూర అవసరం లేకుండా ఫ్యాక్టరీలో తయారవుతోంది.

అసలు ఫోలిక్ ఆసిడ్ మనకెందుకు బయటినుంచి రావాలి? మనిషి శరీరానికి దాన్ని తయారు చేసే యంత్రాంగం లేదు. మొక్కలు, ఈస్ట్, చాలా బాక్టీరియా మూడు ముక్కలు అతికించి దాన్ని తయారు చేసుకుంటాయి. మన పెద్దపేగులో ఉండే కొన్ని బాక్టీరియా కూడా అదే పని చేస్తాయి. అవి తమ కోసం చేసుకున్నదాంట్లో కొంత మన ఒంట్లోకీ చేరుతుందని తర్వాత మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. ఎలుకల్లో ఇది 1940లలోనే బయటపడింది. ఆర్థర్ కోర్న్‌బర్గ్ తదితరులు ఎలుకలకు శుద్ధి చేసిన ఆహారంతో పాటు సల్ఫా మందులు ఇస్తే వాటికి తెల్లకణాలు తగ్గిపోయాయి, రక్తహీనత వచ్చింది. ఫోలిక్ ఆసిడ్ ఇస్తే తిరిగి కోలుకున్నాయి. సల్ఫా మందు ఆ మూడు ముక్కల్లో ఒకదానిలా వేషం వేసి, బాక్టీరియా అతికింపు పనిని ఆపేస్తుంది. ఎలుకను ముట్టుకోకుండా, దాని పేగుల్లోని పొరుగువారిని పస్తులు పెడితే ఎలుకే జబ్బు పడింది!

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క విటమిన్‌తో ఆగదు. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. మన లివర్ పైత్యరసంలో పంపే ఆమ్లాలను అవి మరో రూపంలోకి మారుస్తాయి. ఆ మారిన రూపాలను మన శరీరం తిరిగి పీల్చుకుని సంకేతాలుగా వాడుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే, రెండు వేర్వేరు సిస్టమ్స్ చిన్న చిన్న మెసేజీలతో మాట్లాడుకుంటున్నాయన్నమాట. ఆ మెసేజీలే ఈ చిన్న అణువులు.

గెలుపు, దాని వెనుక నిరాశ

ఫోలిక్ ఆసిడ్ చేతికి రాగానే టామ్ స్పీస్ అనే డాక్టర్ దాన్ని రోగుల మీద పరీక్షించారు. క్యూబా, ప్యూర్టో రికో దీవుల్లో స్ప్రూ రోగులకు ఇస్తే కొద్ది రోజుల్లోనే రక్తం పట్టి, ఆకలి పుట్టి లేచి కూర్చున్నారు. భీమవరం కుర్రాడి సోదరులను తీసుకుపోయిన జబ్బు అదే. ఈ వార్త విన్నప్పుడు ఆయన మనసులో ఏం మెదిలిందో మనం ఊహించుకోవలసిందే.

పెర్నీషియస్ అనీమియా రోగుల విషయంలో మాత్రం నిరాశ ఎదురైంది. ఫోలిక్ ఆసిడ్‌తో వాళ్ళ రక్తం బాగుపడింది కానీ నరాల జబ్బు ఆగలేదు. లివర్‌లో మరో పదార్థం ఉందన్నమాట. అదే బి12 విటమిన్. దాన్ని 1948లో అమెరికాలో మెర్క్ కంపెనీవారు, ఇంగ్లండ్‌లో గ్లాక్సోవారు విడివిడిగా వేరు చేశారు. హార్వర్డ్ రోజుల నుంచి సుబ్బారావు గారు వెతికిన పదార్థం మరొకరి చేతికి చిక్కింది.

బి12 కథ మన శాకాహారులు తప్పక తెలుసుకోవాలి. దాన్ని మొక్కలూ తయారు చేయలేవు, జంతువులూ చేయలేవు. బాక్టీరియా, వాటి దగ్గరి చుట్టాలైన ఆర్కియా మాత్రమే చేయగలవు. ఆవు పొట్టలో బాక్టీరియా చేసిన బి12 ఆవు పాలల్లోకి వస్తుంది. మన పేగుల్లోనూ కొన్ని తయారు చేస్తాయి కానీ, అవి ఉండేది పెద్దపేగులో. బి12ను పీల్చుకునే చోటు చిన్నపేగు చివరన, అంటే అంతకు ముందే. దుకాణం దాటిపోయాక సరుకు వచ్చినట్టు! అందుకే పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారులు బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు మాత్రమే మింగుతూ ఉంటే రక్తం బాగానే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. 1940లలో ఆ రోగులు నేర్పిన పాఠం ఇది.

నిరాశ లోంచే మరో దారి తెరుచుకుంది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆసిడ్ రకాలు ఇస్తే లుకేమియా పిల్లల్లో జబ్బు ఎక్కువవుతున్నట్టు గమనించారు. అలాగైతే దానికి విరుగుడు ఇస్తే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆసిడ్‌లా కనిపిస్తూ దాని పని చేయని అమినోప్టెరిన్‌ను తయారు చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అంతవరకు ఆ జబ్బుకు ఏ మందూ లేదు. దాని తమ్ముడే మీథోట్రెక్సేట్. ఈ రోజుకీ క్యాన్సర్లకు, కీళ్ళవాతానికి వాడుతున్నారు. ఆ మందు మోతాదు ఒంట్లో ప్రమాదకరంగా పేరుకుపోతే, దాన్ని ముక్కలు చేయడానికి ఇచ్చే గ్లుకార్పిడేజ్ అనే మందును 2012లో అమెరికా అనుమతించింది. అది ఒక బాక్టీరియా నుంచి తెచ్చుకున్న ఎంజైమ్!

బంగారు రంగు మందు

యుద్ధం రోజుల్లో పెన్సిలిన్ చూసి అందరూ మట్టిలో కొత్త యాంటీబయాటిక్స్ కోసం వెతుకుతున్నారు. సుబ్బారావు గారి ఆధ్వర్యంలో ఈ పనికి బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త లెడర్లీలో చేరారు. అప్పటికే డెబ్బై దాటిన రిటైర్డ్ ప్రొఫెసర్. మిస్సోరీ యూనివర్సిటీ పొలంలోంచి వచ్చిన మట్టిలో బంగారు రంగులో పెరిగే ఒక సూక్ష్మజీవి కనిపించింది. అది తయారు చేసే అణువే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో ప్రపంచానికి ప్రకటించారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపుల ముందు బారులు తీరింది ఈ కుటుంబపు మందు కోసమే.

ఇప్పుడు మళ్ళీ స్ప్రూ దగ్గరికి వద్దాం. ఆ జబ్బులో చిన్నపేగులో ఉండకూడని బాక్టీరియా తిష్ట వేస్తాయి. పేగు గోడ దెబ్బతింటుంది, ఫోలిక్ ఆసిడ్ ఒంటికి పట్టదు. అది లేక పేగు గోడ కొత్త కణాలను పుట్టించుకోలేదు. ఒక విషవలయం. దానికి ఇప్పటి వైద్యం నెలల తరబడి టెట్రాసైక్లిన్, దానితో పాటు ఫోలిక్ ఆసిడ్. ఒకటి చెడ్డ పొరుగువారిని ఖాళీ చేయిస్తుంది, రెండోది కరువు తీరుస్తుంది. ఫోలిక్ ఆసిడ్ తయారీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు, రెండూ ఒకే లేబొరేటరీ నుంచి, ఒకే మనిషి నాయకత్వంలో రావడం చూస్తే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సోదరులు పోయిన పాతికేళ్ళకు జవాబు పూర్తయింది.

యాంటీబయాటిక్‌కు మంచి పొరుగు, చెడ్డ పొరుగు తేడా తెలియదన్నది కూడా ఈ కథలో భాగమే. సుబ్బారావు గారు పోయాక, లెడర్లీలోనే ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి వేగంగా పెరిగాయి. దాంతో ప్రపంచమంతా పశువుల మేతలో యాంటీబయాటిక్స్ కలపడం మొదలైంది. మందులకు లొంగని బాక్టీరియా పెరగడానికి ఇదీ ఒక కారణం. యూరప్ 2006లో ఈ పద్ధతిని నిషేధించింది. మన దేశం 2019లో కోలిస్టిన్ అనే మందును మేతలో కలపడం ఆపించింది. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు జలుబుకు కూడా యాంటీబయాటిక్స్ స్ట్రిప్పులు కొనుక్కొచ్చుకునే మనం ఒక్కసారి ఆలోచించాలి.

సోహార్ దాకా వచ్చిన అణువు

1947లో ఆయన బృందం ఇచ్చిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందు. గోదావరి జిల్లాల వారికి ఆ జబ్బు గురించి చెప్పనక్కరలేదు. ఇప్పటికీ మన ప్రభుత్వం ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర అదే.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఆయన మరింత దగ్గరగా ఉన్నారు. గర్భం దాల్చే ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో బ్రిటన్‌లో ముగిసిన పరిశోధన నిరూపించింది. 1990ల రెండో సగంలో ఒమన్ ప్రభుత్వం మిల్లుల్లో పట్టే గోధుమపిండిలో ఇనుము, ఫోలిక్ ఆసిడ్ కలిపించడం మొదలుపెట్టింది. ఈ ప్రాంతంలో ముందుగా ఆ పని చేసిన దేశాల్లో ఇది ఒకటి. తర్వాతి సంవత్సరాల్లో అలాంటి లోపాలతో పుట్టే పిల్లలు బాగా తగ్గారు. సోహార్‌లో పొద్దున్నే బేకరీల దగ్గర ఒమనీలు, మలయాళీలు, తెలుగువాళ్ళు వేడివేడిగా కొనుక్కునే ఖుబ్జ్ రొట్టె వెనుక ఈ కథ ఉంది. ఆ రొట్టె తినేవారిలో ఎల్లాప్రగడ వారి పేరు విన్నవారు ఎంతమంది ఉంటారు?

ఆయన ఆ కీర్తిని కోరుకున్నట్టూ కనిపించదు. పేటెంట్లు తన పేరు మీద పెట్టుకోలేదు, విలేఖరులకు దూరంగా ఉండేవారు. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి వెళ్ళిపోయారు. ఆరియోమైసిన్ ప్రకటించి నెల రోజులు కూడా కాలేదు. లెడర్లీ శాస్త్రవేత్త ఒకరు 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. సూక్ష్మజీవులతో జీవితమంతా మాట్లాడిన మనిషికి ఇంతకంటే తగిన గౌరవం ఏముంటుంది! మన దేశం 1995లో శతజయంతికి తపాలా బిళ్ళ వేసింది.

ఈ లెక్కలో ఒక పద్దు మాత్రం ఎప్పటికీ తీరలేదు. ఇరవైఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఇంటికి తిరిగి రాలేదు. శేషగిరి గారు పెళ్ళయిన మూడేళ్ళకు భర్తను సాగనంపి, బిడ్డను పోగొట్టుకుని, ఎదురుచూస్తూనే ఉండిపోయారు. లక్షల ఇళ్ళల్లో తల్లులు, బిడ్డలు బతకడానికి ఆ ఇల్లు చెల్లించిన మూల్యం అది. సుబ్బారావు గారిని తలుచుకున్నప్పుడల్లా ఆమెనూ తలుచుకోవడం మన ధర్మం. వచ్చే జనవరి 12న మీ ఊరి తెలుగు సంఘంలో ఆయన ఫోటో పెట్టి దండ వేస్తే, పిల్లలకు ఈ ఇద్దరి పేర్లూ చెప్పండి.